తీసిన గడ్డ మళ్ళీ ఎవరికి వస్తుంది?

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లో గుండెలో గడ్డకు ఆపరేషన్ అయిన మనిషిని ఇంటికి పంపే రోజున బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "మళ్ళీ వస్తుందా డాక్టరు గారూ?" సాధారణంగా రెండు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. "క్యాన్సరు కాదమ్మా, మొత్తం తీసేశాం, ఇక భయం లేదు" అనేది మొదటిది. "నూటికి ఇద్దరికో ముగ్గురికో వస్తుంది, మీకేం కాదు" అనేది రెండోది. రెండింటిలోనూ అబద్ధం లేదు. అయినా అవనిగడ్డ బస్సెక్కబోతున్న ఆ మనిషికి రెండూ చాలవు. నూటికి ఇద్దరు ముగ్గురు అన్న లెక్కలో రెండు వేర్వేరు రకాల మనుషులు కలిసిపోయి ఉన్నారు. ఒక రకం వాళ్ళకు ఆ గడ్డ తిరిగి రావడం దాదాపు లేనట్టే. రెండో రకం వాళ్ళకు అది తిరిగి రావచ్చు, గుండెలో ఇంకో గదిలో రావచ్చు, మూడోసారి కూడా రావచ్చు. ఎంతమందికి వస్తుంది అనే ప్రశ్న దగ్గర ఆగిపోతే ఈ తేడా కనపడదు. ఎవరికి వస్తుంది అని అడగాలి. మన డెల్టాలో ఇవాళ గుండె తెరిచి గడ్డ తీయగల చేతులకు కొరత లేదు. తీసిన తర్వాత ఆ మనిషి ఏ రకమో తేల్చే అలవాటుకూ, తేలాక ఏళ్ళ తరబడి వదలకుండా చూసే ఏర్పాటుకూ కొరత ఉందని నా వాదన.

ముందు జబ్బు సంగతి. గుండెలో పుట్టే గడ్డలు చాలా అరుదు. వేరే అవయవంలో పుట్టిన క్యాన్సరు గుండె దాకా పాకడం, గుండెలోనే గడ్డ పుట్టడం కన్నా ఇరవై నుంచి నలభై రెట్లు ఎక్కువగా జరుగుతుంది. గుండెలోనే పుట్టేవాటిలో నాలుగింట మూడు వంతులు క్యాన్సరు కానివి. పెద్దవాళ్ళలో ఆపరేషన్ దాకా వచ్చేవాటిలో ఎక్కువ భాగం మిక్సోమా అనే గడ్డ. మెత్తగా, జిగురుగా, ముట్టుకుంటే విరిగిపోయేలా ఉంటుంది. నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై దాకా ఎడమ కర్ణికలో, రెండు కర్ణికల మధ్య గోడకు కాడతో వేలాడుతూ పెరుగుతుంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, ముప్ఫై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఎక్కువ. క్యాన్సరు కాదు కదా అని తేలిగ్గా తీసుకునే వీలు లేదు. వాల్వుకు అడ్డం పడితే మనిషి కుప్పకూలిపోవచ్చు. ముక్క విరిగి రక్తంలో కొట్టుకుపోతే మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. ముక్కలు ఇలా కొట్టుకుపోవడం ఈ రోగుల్లో నూటికి ముప్ఫై, నలభై మందిలో కనిపించింది. పసిపిల్లల గుండెల్లో వచ్చే రాబ్డోమయోమా కథ దీనికి పూర్తిగా భిన్నం. అది చాలాసార్లు కత్తి పెట్టకుండానే వయసుతో పాటు కుంచించుకుపోతుంది. వాల్వుల మీద పుట్టే ఫైబ్రోఇలాస్టోమాను తీసేస్తే మళ్ళీ రావడం బాగా అరుదు. కాబట్టి తిరిగి రావడం అనే సమస్య ప్రధానంగా మిక్సోమాదే.

డెల్టా ప్రాంతంలో ఈ గడ్డకు ఇంకో చిక్కు ఉంది. అది ఇక్కడ బాగా తెలిసిన మరో జబ్బు వేషంలో వస్తుంది. చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్ళవాపు తర్వాత మైట్రల్ వాల్వు ఇరుకై ఆయాసం రావడం మన ఊళ్ళలో తరతరాలుగా చూస్తున్నదే. మిక్సోమా కూడా అదే వాల్వుకు అడ్డం పడి అదే ఆయాసం తెస్తుంది, స్టెతస్కోపులో దాదాపు అదే చప్పుడు వినిపిస్తుంది. పైగా ఆ గడ్డ ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది కాబట్టి సన్నటి జ్వరం, కీళ్ళనొప్పులు, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ పెరగడం కూడా ఉంటాయి. జ్వరానికి టైఫాయిడ్ మందు, బరువు తగ్గితే క్షయ మందు, కీళ్ళనొప్పులకు ఇంకేదో మందు వాడుతూ నెలలు గడిచిపోతాయి. ఎకో తీస్తే పది నిమిషాల్లో తేలే సంగతి ఇది. మొదటి గడ్డ విషయంలో జరిగే ఈ ఆలస్యమే రెండో గడ్డ విషయంలోనూ జరుగుతుంది. ఒకసారి తీసేశారు కాబట్టి ఈ జ్వరం దాని వల్ల కాదులే అనుకోవడం మనిషికి సహజం.

తీసేస్తే పోయినట్టే అన్న నమ్మకం పుట్టడానికి చరిత్రలో కారణం ఉంది. 1950ల దాకా ఈ గడ్డను ఎక్కువగా శవపరీక్షలోనే చూసేవాళ్ళు. గిబ్బన్ 1953లో ఫిలడెల్ఫియాలో గుండె-ఊపిరితిత్తుల యంత్రంతో ఆపరేషన్ చేసి చూపించాక, మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రఫూర్డ్ అలాంటి యంత్రం సాయంతోనే ఒక స్త్రీ ఎడమ కర్ణికలోంచి మిక్సోమాను తీశాడు. గుండెలోని గడ్డను తీసి మనిషిని బతికించడంలో అది తొలి విజయం. ఆ తర్వాత దశాబ్దం పాటు ఈ ఆపరేషన్‌ను పూర్తిగా నయం చేసే అరుదైన గుండె ఆపరేషన్లలో ఒకటిగా చెప్పుకున్నారు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ గెర్బోడ్ బృందం తీసిన గడ్డ మళ్ళీ వచ్చిన సంగతిని ప్రచురించింది. అప్పటినుంచి ప్రశ్న తేలకుండానే ఉంది: ఆ రెండోది మొదటిదాని మిగులా, కొత్తగా పుట్టిందా? ఈ ప్రశ్నకు జవాబును బట్టే రోగిని తర్వాత ఏం చేయాలన్నది మారిపోతుంది.

లెక్కల్లోకి వెళ్దాం. 1986లో అమెరికాలో మెకార్తీ, ఆయన సహచరులు రోగులను ఒకే కుప్పగా చూడకుండా విడదీశారు. గడ్డ ఒక్కటే ఉండి, కుటుంబంలో మరెవరికీ లేనివాళ్ళలో మళ్ళీ రావడం నూటికి ఒకటి నుంచి మూడు. కుటుంబంలో మరొకరికి కూడా ఉన్నవాళ్ళలో దాదాపు పన్నెండు. గడ్డతో పాటు చర్మం మీద మచ్చలు, హార్మోన్ గ్రంథుల జబ్బులు కూడా ఉన్నవాళ్ళలో దాదాపు ఇరవై రెండు. ఒకే పేరున్న జబ్బులో మనిషిని బట్టి ప్రమాదం పది రెట్లు మారుతోందంటే సగటు చెప్పడంలో అర్థమేముంది? మేయో క్లినిక్ 2008లో తన 48 ఏళ్ళ అనుభవాన్ని ప్రచురించినప్పుడు గుండె గడ్డలకు ఆపరేషన్ అయిన 323 మందిలో సగం మంది మిక్సోమా రోగులు. వాళ్ళలో గడ్డ తిరిగి వచ్చిన మొత్తం రేటు నూటికి పదమూడు. నూటికి ముగ్గురనే మాటకు ఇది విరుద్ధంగా కనిపిస్తుంది గానీ కాదు. మేయో లాంటి చోటుకు క్లిష్టమైన రోగులే వెతుక్కుంటూ వెళ్తారు, ఆ రోగులను ఎక్కువ కాలం కనిపెట్టి చూస్తారు కూడా. ఆ లెక్కలోంచి నాకు ముఖ్యమనిపించినవి మరో రెండు. తిరిగి వచ్చినవాళ్ళ వయసు సగటున 42, రానివాళ్ళది 57. నాలుగేళ్ళు దాటాక ప్రమాదం తగ్గుతూ పోయింది. అంటే వయసే ఒక ఆధారం. ముప్ఫై ఏళ్ళ మనిషికీ అరవై ఏళ్ళ మనిషికీ ఒకే మాట చెప్పి పంపడం తప్పు.

గడ్డ మళ్ళీ ఎందుకు వస్తుందన్న దానికి వైద్యులు చెప్పే కారణాలు నాలుగు. కాడ మొదలు పూర్తిగా తీయకపోవడం, తీసేటప్పుడు కణాలు రాలి వేరే చోట నాటుకోవడం, మొదటిసారే కంటికి కనపడని రెండో గడ్డ ఉండటం, ఆ మనిషి ఒంట్లోనే గడ్డ పుట్టించే జన్యు లోపం ఉండటం. మొదటి కారణాన్ని నమ్మేవాళ్ళు సర్జన్ కత్తి లోతు గురించి వాదిస్తారు. గడ్డ అంటుకున్న చోట గోడను మందంగా కోసి తీసి అక్కడ ప్యాచ్ వేసి కుట్టాలని కొందరు, పైపొరతో సహా కాడను తీసి ఆ చోటును కాల్చేస్తే చాలని కొందరు. మొదటి పద్ధతి మీద నాకూ గౌరవం ఉంది. గోడ దొరికిన చోట దాన్ని వాడటమే సబబు. కానీ తిరిగి రావడానికి ఇదే అసలు కారణమనే వాదనకు సాక్ష్యాలు నిలబడవు. పైపొర మాత్రమే తీసిన చోట కూడా, కుటుంబంతో సంబంధం లేని విడి గడ్డలు తిరిగి రావడం పెద్దగా పెరగలేదని అనేక ఆసుపత్రుల అనుభవం చెబుతోంది. వాల్వు అంచున, జఠరిక గోడన లోతుగా కోయలేని చోట కూడా చాలామందికి మళ్ళీ రాలేదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేరే ఉంది. కుటుంబంతో సంబంధమున్న గడ్డలు తిరిగి వచ్చేటప్పుడు పాత కుట్టు దగ్గరే కాకుండా ఎదుటి కర్ణికలోనూ, జఠరికలోనూ పుడుతున్నాయి. ఎడమ కర్ణికలో కాడ మొదలంటా తీసినా కుడి జఠరికలో గడ్డ పుట్టిందంటే దానికి సర్జన్‌ను నిందించి లాభమేమిటి? విడి గడ్డల్లో అక్కడక్కడా జరిగేదానికి మిగిలిన కణాలు కారణం కావచ్చు. మిగతా భారమంతా ఆ మనిషి ఒంటిది.

ఆ ఒంటి సంగతికి పేరు పెట్టింది మేయో క్లినిక్ పాథాలజిస్టు జె. ఏడన్ కార్నీ. గుండె మిక్సోమాలు, చర్మం మీద చుక్కచుక్కలుగా మచ్చలు, హార్మోన్ గ్రంథుల అతి పని, ఈ మూడూ కొందరు మనుషుల్లో కలిసి వస్తున్నాయని 1985లో ఆయన రాశాడు. దాన్నే ఇప్పుడు కార్నీ కాంప్లెక్స్ అంటారు. 2000లో దీనికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోములో దొరికింది, పేరు పీఆర్‌కేఏఆర్1ఏ. కణాన్ని పెరగమని పురికొల్పే ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైముకు ఇది కాలవ లాకు షట్టరు లాంటిది. షట్టరు దించి ఉన్నంతసేపు నీరు లెక్క ప్రకారం పారుతుంది, విరిగితే పారుతూనే ఉంటుంది. ఆ లోపం ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది కాబట్టి గుండెలో ఒక గదిని శుభ్రం చేసినంత మాత్రాన మిగతా గదుల్లో పుట్టకుండా ఆగదు. ప్రపంచం మొత్తం మీద గుర్తించిన రోగులు ఏడు వందలకు కాస్త పైగా ఉంటారు. వాళ్ళలో సుమారు డెబ్బై శాతం మందిలో ఈ జన్యు లోపం దొరికింది. ఇంకో విశేషమూ ఉంది. కుటుంబ చరిత్ర ఏమీ లేని విడి గడ్డలను తీసి పరీక్షించినప్పుడు సుమారు మూడో వంతులో ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ లోపించి ఉందని 2014లో ఒక పాథాలజీ అధ్యయనం చూపింది. అయితే అక్కడ లోపం గడ్డకే పరిమితం కావచ్చు, మనిషి మొత్తానికి ఉండకపోవచ్చు. గడ్డలో లోపం కనపడితే కుటుంబాన్ని ఇంకాస్త గట్టిగా విచారించాలన్నంత వరకే దీన్ని తీసుకోవాలి.

వంశపారంపర్యం అనగానే మన వైపు మొదటి ప్రశ్న మేనరికమా అని. థలసీమియాకో, పుట్టు చెవుడుకో ఆ ప్రశ్న సరైనదే. ఆ జబ్బులకు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం చేరాలి, దగ్గరి సంబంధం చేసుకుంటే ఆ అవకాశం పెరుగుతుంది. కార్నీ కాంప్లెక్స్ ఆ తరహా కాదు. ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కాబట్టి "మాది మేనరికం కాదండీ, మా వంశంలో ఇలాంటివి ఉండవు" అన్న ధైర్యానికి ఇక్కడ ఆధారం లేదు. మేనమామను చేసుకోవడం వల్లే వచ్చిందని ఆ పెళ్ళిని తప్పుపట్టడానికీ లేదు. మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈ జబ్బున్న మగవాళ్ళలో వృషణాల్లో కూడా గడ్డలు రావడం, సంతానం తగ్గడం ఉంటుంది కాబట్టి తల్లి వైపు నుంచి పిల్లలకు చేరడమే ఎక్కువ. మన ఆసుపత్రుల్లో ఒక కోడలికి గుండె ఆపరేషన్ అయితే దగ్గరుండేది చాలాసార్లు భర్త, అత్తగారు, మరిది. కుటుంబ చరిత్ర అడిగితే చెప్పేది వాళ్ళే. ఆమె మేనమామ ముప్ఫై ఏళ్ళకే గుండె ఆగి పోయాడనీ, ఆమె అమ్మమ్మకు నడివయసులో పక్షవాతం వచ్చిందనీ వాళ్ళకు తెలిసే అవకాశం తక్కువ. మిక్సోమా ఆడవాళ్ళలోనే ఎక్కువన్నది గుర్తు పెట్టుకుంటే, పుట్టింటివాళ్ళను పిలిపించి అడగని కుటుంబ చరిత్రను సగం చరిత్రగానే లెక్కించాలి. దీనికి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు.

చర్మం మీది మచ్చల విషయంలో ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పుస్తకాల్లోని ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ళవి. మన చామనచాయ ఒంటి మీద పుట్టుమచ్చలు మామూలే, వాటిని చూసి జన్యు జబ్బును ఎలా కనిపెట్టగలరు? ఒంటి మీద ఎక్కడో ఉన్న మచ్చలతో పని లేదు. పెదవుల అంచున, కంటి లోపలి కొసన తెల్లగుడ్డు మీద, జననాంగాల పొరల మీద చిన్నచిన్న నల్లటి చుక్కలు గుంపుగా ఉన్నాయా అన్నది చూడాలి. పెదవుల మీద, కంటి తెల్లగుడ్డు మీద చుక్కలు మన రంగులోనూ కనిపిస్తాయి, వెతికితే. వీటికి తోడు అకారణంగా ముఖం గుండ్రంగా ఉబ్బి బీపీ పెరగడం, చేతులూ కాళ్ళూ పెద్దవవడం, థైరాయిడ్‌లో కణుపులు, రొమ్ములోనో చర్మం కిందో మిక్సోమాలు, ఇలాంటివి ఆ మనిషికైనా ఇంట్లో మరొకరికైనా ఉన్నాయేమో అడగాలి. గుండె సర్జన్ ఒక్కడే ఇవన్నీ చూడాలనడం అత్యాశ. ఒక చర్మవైద్యుడూ ఒక ఎండోక్రైనాలజిస్టూ ఒక్కసారి చూస్తే చాలు. సూర్యారావుపేటలో ఈ వైద్యులందరూ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటారు. మనిషిని ఒకరి దగ్గర నుంచి మరొకరికి ఎందుకు పంపుతున్నారో రాసిన చీటీ ఉంటే పని అవుతుంది.

తిరిగి వచ్చింది అన్న ప్రతిదీ తిరిగి వచ్చినది కాదు. గోడకు వేసిన ప్యాచ్ మీద రక్తం గడ్డకడితే ఎకోలో అది కొత్త గడ్డలా కనిపిస్తుంది. కుట్టు మందంగా ఉన్నా అలాగే కనిపిస్తుంది. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో ఒక ఎకో తీసి ఈ గోడ ఇలా ఉంది అని రాసి పెట్టకపోతే, మూడేళ్ళ తర్వాత చూసే డాక్టరుకు పోల్చుకునేందుకు ఏమీ ఉండదు. దీనికి అటు వైపు మరింత ప్రమాదకరమైన పొరపాటు ఉంది. మొదటిసారి మిక్సోమా అని రాసినది నిజానికి దాన్ని పోలిన సార్కోమా అనే క్యాన్సరు అయి ఉండవచ్చు. కొన్ని నెలల్లోనే గడ్డ మళ్ళీ పెరిగితే ముందు అనుమానించాల్సింది మొదటి బయాప్సీ రిపోర్టునే. అందుకే తీసిన గడ్డ మైనపు బ్లాకును భద్రపరచడం, కావాలంటే మరో పాథాలజిస్టుకు చూపించడం అవసరం. ఇంకా ఒకటుంది. ఆపరేషన్‌కు ముందే రక్తంలో కొట్టుకుపోయిన కణాలు మెదడు రక్తనాళాల గోడల్లో చిక్కుకుని, గుండె శుభ్రంగా ఉన్నా ఏళ్ళ తర్వాత అక్కడ నాళం ఉబ్బడం అరుదుగా జరుగుతుంది. ఎకో మామూలుగా ఉంది కదా అని ఆ మనిషి తలనొప్పిని, ఫిట్స్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు అసలు లోటు దగ్గరికి వద్దాం. డెల్టాలో గుండె ఆపరేషన్‌కు ఒకప్పుడు హైదరాబాదో, మద్రాసో, వేలూరో పోవలసి వచ్చేది. ఇప్పుడు విజయవాడలో, గుంటూరులో చేసేవాళ్ళున్నారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడే చేసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పేదవాడికి గుండె ఆపరేషన్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఈ పథకం చూపు ఆపరేషన్ మీద. కొన్ని చికిత్సలకు తదుపరి వైద్యానికి ప్యాకేజీలు ఉన్నా అవి ఏడాదికి సంబంధించినవి. మిక్సోమా తిరిగి వచ్చేది ఎక్కువగా ఆ ఏడాది గడిచాకే. వాల్వు జబ్బు రోగిని చూడండి. మూడు వారాలకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్, లోహపు వాల్వు వేస్తే జీవితాంతం రక్తం పలచబడే మాత్ర, దానికోసం రక్తపరీక్ష. ఆ మందే అతన్ని ఆసుపత్రికి కట్టి ఉంచుతుంది. మిక్సోమా రోగికి వేసుకోవలసిన మాత్ర లేదు, చేయించుకోవలసిన రక్తపరీక్ష లేదు. ఆయాసం పోయింది, పనికి పోతున్నాడు. ఇక ఆసుపత్రికి వచ్చే కారణమేముంది? పూర్తిగా కోలుకోవడమే అతన్ని మన కంటికి దూరం చేస్తోంది. ఆపరేషన్ ఒక ఊళ్ళో, ఎకో మరో ఊళ్ళో, బయాప్సీ రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో బీరువా మీద. ఇల్లు మారినప్పుడు ఆ కవరు పోతే చరిత్ర మొత్తం పోయినట్టే.

ఇంత అరుదైన జబ్బుకు, అందులోనూ నూటికి ముగ్గురి కోసం, అందరికీ ఏటా ఎకోలు తీయించడం దుబారా అన్నది బలమైన అభ్యంతరం. దోమలూ డయాలసిస్సులూ బీపీలూ ఉన్న జిల్లాల్లో దీనికి డబ్బెక్కడిది? దీన్ని లెక్క వేసి చూద్దాం. ఐర్లండ్ దేశం మొత్తంలో 1977 నుంచి 1991 దాకా కర్ణికల మిక్సోమాలను లెక్కిస్తే ఏడాదికి పది లక్షల మందికి అరగడ్డ తేలింది, అంటే ఇరవై లక్షల మందికి ఒకటి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాలు మూడింట కలిపి సుమారు కోటి ముప్ఫై మూడు లక్షల మంది. ఆ దామాషాలో ఏడాదికి ఆరేడుగురు కొత్త రోగులు. ఇప్పుడు ఎకోలు పెరిగాయి కాబట్టి దానికి మూడు రెట్లు వేసుకున్నా ఇరవై మంది. పదేళ్ళకు రెండు వందలు. రెండు వందల పేర్లు ఒక నోటుబుక్కులో పడతాయి. ఒక నర్సు నెలకు రెండు గంటలు ఫోన్లు చేస్తే చాలు. అరుదుగా ఉండటం ఇక్కడ అభ్యంతరం కావలసింది పోయి అనుకూలం అవుతోంది. బీపీ రోగులందరినీ వెతికి పట్టుకోవడం కష్టం, వీళ్ళను పట్టుకోవడం సులువు. విజయవాడలో 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది, నదికి అవతల మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ప్రైవేటు ఆసుపత్రులు కూడా పేర్లు ఇచ్చేలా ఈ మూడింటిలో ఎవరు పూనుకున్నా ఆ పుస్తకం మొదలవుతుంది. ఏటా ఎకో ఖర్చు, మళ్ళీ ఆపరేషన్ ఖర్చుతోనూ పక్షవాతంతో మంచాన పడ్డ కూలీ సంపాదనతోనూ పోలిస్తే ఏ మూలకూ రాదు.

పైగా అందరికీ ఒకే తీరు అక్కర్లేదు. ఈ విషయంలో ప్రపంచమంతా ఒప్పుకున్న కాలపట్టిక లేదు కాబట్టి ఇది నా అంచనా. యాభై దాటిన మనిషి, ఒకే గడ్డ, ఎడమ కర్ణిక గోడకు మామూలు చోట, ఇటు పుట్టింట్లోనూ అటు ఒంటి మీదా ఏ ఆనవాళ్ళూ లేవు: ఆపరేషన్ తర్వాత పోలికకు ఒక ఎకో, తర్వాత అయిదేళ్ళ దాకా ఏడాదికొకటి, ఆపైన ఏదైనా లక్షణం కనపడితే. మేయో లెక్కలో నాలుగేళ్ళ తర్వాత ప్రమాదం తగ్గడం ఈ అయిదేళ్ళకు ఆధారం. అదే ముప్ఫై, నలభై లోపు మనిషి అయినా, గడ్డలు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నా, జఠరికలోనో వాల్వు మీదో ఉన్నా, ఇంట్లో మరొకరికి ఉన్నా ఆ మనిషికి ముగింపు తేదీ ఉండకూడదు. కార్నీ కాంప్లెక్స్ తేలినవాళ్ళకు నిపుణులు ఏటా ఎకో చెబుతున్నారు, గడ్డ తీయించుకున్న కౌమార వయసువాళ్ళకు ఏడాదికి రెండుసార్లు. రెండోసారి గుండె తెరవడం మొదటిసారి కన్నా కష్టమే, పాత కుట్ల దగ్గర అంతా అతుక్కుపోయి ఉంటుంది. అయినా గడ్డ చిన్నగా ఉండగా, ముక్కలు రాలకముందు పట్టుకుంటే ఫలితాలు బాగానే ఉంటున్నాయి. కార్నీ రోగుల్లో మూడు నాలుగు సార్లు ఆపరేషన్ చేయించుకుని బతుకుతున్నవాళ్ళున్నారు. ముందే తెలియడం వల్ల లాభమేమిటి అనేవాళ్ళకు ఇదే జవాబు.

మళ్ళీ రావచ్చని చెప్పి పంపితే ఆ మనిషి భయంతో చస్తాడు, చెప్పకపోవడమే దయ అనే మాట కూడా వినపడుతుంది. ఈ అభ్యంతరం వెనుక ఉన్న ప్రేమను నేను కాదనను. అయితే భయపెట్టేది అస్పష్టత. మొదటి రకం మనిషికి నూటికి తొంభై ఏడు మందికి పైగా మళ్ళీ రాదు, అయిదేళ్ళు చూసుకుంటే చాలు అని చెప్పడం ధైర్యం చెప్పడమే. రెండో రకం మనిషికి చెప్పకపోతే అతని భయం తప్పదు, ఆలస్యంగా పక్షవాతం రూపంలో వస్తుంది. ముప్ఫై ఏళ్ళకు నోరు వంకర పోతే పసరు మందు కోసం ఊళ్ళు తిరిగే అలవాటు మన జిల్లాల్లో ఇంకా పోలేదు. గతంలో గుండెలో గడ్డ తీశారన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే, ఆ మనిషిని మొదటి గంటలోనే సరైన చోటుకు తీసుకెళ్తారు.

జన్యు పరీక్ష విషయంలో తొందరపడకూడదు. ప్రతి మిక్సోమా రోగికీ ఆ పరీక్ష రాయడం డబ్బు వృథా. పరీక్షలో ఏమీ దొరకకపోయినా మూడో వంతు దాకా కార్నీ రోగుల్లో లోపం ఆ జన్యువులో కనపడదు కాబట్టి పూర్తి నిశ్చింత దొరకదు. ముందు అడగాలి, చూడాలి, అనుమానం గట్టిపడితేనే పరీక్ష. ఒకరిలో లోపం దొరికాక మాత్రం దాని విలువ పెరుగుతుంది. ఇంట్లో మిగతావాళ్ళలో ఎవరికి ఉందో, ఎవరికి లేదో ఆ ఒక్క చోటు చూసి చెప్పేయొచ్చు. లేనివాళ్ళను ఏటేటా ఎకోల బెడద నుంచి తప్పించవచ్చు. పరీక్ష చేయించుకునే స్థితి లేకపోతే, తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కొక్క ఎకో తీసినా చాలా సంగతి తేలుతుంది. ఇక్కడ డెల్టా కుటుంబాల ప్రత్యేకత ఒకటి అడ్డొస్తుంది. తోబుట్టువుల్లో ఒకరు గుడివాడలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో ఉంటారు. గుడివాడలో ఉన్న అక్కకు ముప్ఫై అయిదేళ్ళకు రెండు గడ్డలు తీస్తే, డాలస్‌లో ఉన్న చెల్లెలికి ఆరోగ్య బీమా ఉన్నా, మంచి ఆసుపత్రి పక్కనే ఉన్నా, అక్కడి డాక్టరు ఆమెకు ఎకో రాయడానికి కారణం ఉండదు. ఆ కారణం విజయవాడలో ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద రాసి ఉండాలి: ఎన్ని గడ్డలు, ఏ గదుల్లో, రక్తసంబంధీకుల్లో ఎవరెవరికి ఎకో అవసరం, తర్వాతి ఎకో ఏ నెలలో. ఆ నాలుగు వాక్యాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటే అక్క వాటిని ఫొటో తీసి చెల్లెలికి పంపగలదు.